విద్యుద్వలయ పరిభాషా విమర్శనము

శాస్త్రపరిభాషను గూర్చి మనలో జరుగు వాదములు తఱచుగా రెండు పక్షములుగా నేర్పడుచున్నవి. సంస్కృతధాతువులనుండి పదములను గల్పించి యిచ్చిన చాలునని పండితులును, ఆంగ్లపదములను తెలుగులిపిలో వ్రాసికొన్న చాలునని శాస్త్రాధ్యాపకులును అందురు. ఈ యిరువురును పదమును పుస్తకమునందే పరీక్షింతురు గాని, అది యే వస్తువును జెప్పుటకు బుట్టినదో యా వస్తువు నెదుట నుంచుకొని పరీక్షింపరు. వ్యాకరణపరీక్ష యావశ్యకమే. కాని విద్యుచ్ఛాస్త్రమున నది చాలదు. పుష్పభాగములకు బెట్టిన పేరు కొంచెము తప్పైనను పువ్వును విప్పి చూపిన మాత్రమున బాలుడు తప్పును దానే దిద్దుకొనును. విద్యుత్తో, కంటికి గానరాదు. అచట బాలునికి జిక్కునది పదమొక్కటియే. ఆ పదము చూపిన బొమ్మనే యతడు మనసున నిలుపుకొనును. కావున నీ పాఠములందలి ముఖ్యపదములను కొన్నింటిని, ఒక ఘటము, ఒక బల్బు, రెండు తీగలు మున్నగు సామాన్యసామగ్రితో జేయదగిన ప్రయోగములచేత నొరసి చూచుట యీ వ్యాసమునకు విషయము.

ఇందుకు హైదరాబాదు నగరమునకు దూర్పుననున్న ఉప్పలు, నాచారము ప్రాంతమును నేను దృష్టియందుంచుకొంటిని. దానికి గారణము గలదు. ఈ ప్రాంతమునకు బడమట ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. ఉప్పలు త్రోవలోనే 1961లో నేర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ యున్నది. ఉత్తరమున 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కర్మాగారమున్నది. వీని నడుమ ఉప్పలు, నాచారము, మల్లాపురములలో చిన్నవియు బెద్దవియు నైన పరిశ్రమలును, పంకాల మోటారులకు దీగ చుట్టు దుకాణములును గలవు. అనగా విద్యుద్విషయకమైన మాటలు విద్యాలయమునుండియు, పరిశోధనశాలనుండియు, పనివాండ్ర నోటినుండియు వచ్చి యొకేచోట గలియుచున్నవి. ఇచటి తెలుగు పాఠశాలల బాలురలో ననేకులు పదవతరగతి ముగిసినతోడనే ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్కులోనో చేరి యీ పనులకే పోవుదురు. పుస్తకమున నేర్చిన పదము వారికి బని యందు దోడ్పడునా, అడ్డుపడునా యనునది వారి జీవనమునకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా ‘ఘటము’ను జూతము. ఈ మాట వినగానే తార్కికులకు గుండ స్ఫురించును. కొందఱు దీనిని బరిహసింపగా వింటిని. కాని 1866లో లెక్లాంషే నిర్మించిన ఘటమున, అనగా నేటి టార్చిలైటు ఘటమునకు బూర్వరూపమున, సన్నని రంధ్రములు గల మట్టికుండ యొకటి యుండెడిది. పదము కల్పించిన వారికి నిది తెలిసియుండెనో లేదో కాని మాట మాత్రము కుదిరినది. మఱియు నొక లాభము. మునుపు జనులు దీనిని ‘సెల్లు’ అనువారు. ఇప్పుడు సెల్లనిన జేతిలోని టెలిఫోనే. ఆ మాట చేజాఱినది గావున ఘటమునకు జోటు దొరకినది.

ఇక ‘వలయము’. ఒక ఘటమును, ఒక టార్చిబల్బును, ఒకే తీగముక్కను బాలుర చేతికిచ్చి వెలిగింపుమనుడు. వలయలక్షణమును దప్పులేక యప్పగింపగలవారును పెక్కుమంది తీగ యొక కొనను ఘటమునకును, రెండవకొనను బల్బు క్రిందికొనకును దాకించి, వెలుగదేమని చూతురు. కారణము స్పష్టము. ఇంటిలోని దీపమునకు, పంకాకు నొక్క త్రాడే పోవుచున్నట్లు కనబడును. ఆ త్రాటిలోపల రెండు తీగలున్నవని యెవరును విప్పి చూపలేదు. బల్బునకును రెండు మొనలున్నవని, ఒకటి క్రింది బొట్టనియు రెండవది ప్రక్కనున్న లోహపుటొఱ యనియు, పాఠములోని బొమ్మ చెప్పదు. కొంతసేపు పెనగిన పిదప నొక బాలుడు బల్బు బొట్టును ఘటము మొనపై నిలిపి, తీగతో నొఱను ఘటముయొక్క యడుగుతో గలుపును. దీపము వెలుగును. ఆ క్షణమున ‘వలయ’శబ్దమున కర్థము పుట్టినది. అంతకుముందది శబ్దమాత్రము.

వలయశబ్దమును అమరసింహుడు కంకణపర్యాయములలో జదివెను. కంకణము గుండ్రనిది. విద్యుద్వలయము గుండ్రముగా నుండనక్కఱలేదు. ఉప్పలులో బయలుదేరి నాచారమంతయు దిరిగి వచ్చిన తీగ యెన్ని వంకరలు పోయినను వలయమే. ఆకృతిని జెప్పు పదముచే వ్యాపారమును జెప్పబూనుట యిందలి లోపము. ఈ సందర్భమున మన పొరుగువారి పని నొకదానిని జ్ఞాపకము చేసికొనవలసియున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నుర్దూ బోధనాభాషగా నారంభమైనప్పుడు, దానికి గావలసిన గ్రంథముల కొఱకు 1917లోనే యొక యనువాదశాల నెలకొల్పబడెను. పదకల్పనలో అరబ్బీ నాశ్రయించువారికిని, దేశీయసమాసపద్ధతిని గోరువారికిని నచట గొప్పవాదము జరిగెను. రెండవ పక్షమును సమర్థించుచు వహీదుద్దీన్ సలీమ్ 1921లో పరిభాషాకల్పననుగూర్చి యొక ప్రత్యేకగ్రంథమే ప్రకటించెను. ఉర్దూలో విద్యుద్వలయమునకు ‘దౌర్’ అను పదము నిలిచినది. దౌరనగా దిరుగుట, ఒకమాఱు చుట్టివచ్చుట. అది యాకృతి గాదు, క్రియ. ఈ యంశమున నది మన వలయముకంటె మేలైన మాట యని యొప్పుకొనుటకు సంకోచింపనక్కఱలేదు. ఉర్దూబోధన 1948కి బిమ్మట నచట నిలువలేదు. తెలుగున నున్నతవిద్యాగ్రంథములకై తెలుగు అకాడమీ 1968లో నేర్పడినప్పుడు, కూతవేటు దూరమున నంతకుముందు ముప్పదియేండ్లు జరిగిన యీ పరిశ్రమను మనవారెంత పరిశీలించిరో విచారింపదగినది.

అయినను వలయమును దీసివేయుమని నేననను. గాజు పగిలినచో నది గాజు గాదు, ముక్క. తీగ యొకచోట దెగినను వలయము వలయము గాదు. ఈ సామ్యము చక్కగా నున్నది. చెడినదెచట ననగా ‘మూసిన వలయము’, ‘తెఱచిన వలయము’ అనుచోట. ఇవి యాంగ్లమునకు మక్కికి మక్కి. మొదటిది పునరుక్తి; రెండవది వదతోవ్యాఘాతము. అంతకుమించిన దోషము ప్రయోగమున బయల్పడును. తెలుగువానికి మూయుటయనిన నాపుట. తలుపు మూసిన రాకపోకలు నిలుచును. నీటి గొట్టము మూసిన నీరు నిలుచును. ఈ ప్రాంతమున నల్లా బందుచేయుట యెట్లో దీపము బందుచేయుటయు నట్లే. కాగా స్విచ్చి మూసిన విద్యుత్తు ప్రవహించుననియు, దెఱచిన నిలుచుననియు బాఠము చెప్పుచున్నది! నీటికొళాయితో బోల్చి చెప్పిన యుపాధ్యాయుడే తరువాతి వాక్యమున నీ మాట లనినచో బాలుని గతి యేమి? ‘కలిసిన వలయము’, ‘తెగిన వలయము’ అనుచో నీ చిక్కు లేదు. పనివాడును ‘వైరు తెగినది’, ‘వైరు కలిపితిని’ అనియే యనును. స్విచ్చిని వేయుట, తీయుట యను వాడుక యున్నది. ఇంత సులభమైన దారి యుండగా మనము మూతలయొద్దకు బోవుట భాషాంతరీకరణమునందలి బద్ధకమే తప్ప వేఱుగాదు.

‘ప్రవాహము’ అనుమాట కొంత దాక్షిణ్యముతో విచారింపదగినది. దానివలన గలుగు పొరపాటు రెండు విధములు. గొట్టము తెగిన నీరు బయటికి గాఱును. తీగ తెగిన విద్యుత్తు కాఱదు, ఆగును. ఈ భేదమును మొదటి ప్రయోగమే తెలుపును. రెండవది లోతైనది. ఒకే విధమైన రెండు బల్బులను రెండు ఘటములతో నొకే దారిలో గూర్చుడు. వెలిగించుటకు ముందే యే బల్బు హెచ్చుగా వెలుగునని బాలురనడుగుడు. మొదటిదే యని తఱచుగా జెప్పుదురు. మొదటి బల్బు కొంత తినివేసి మిగిలినదానిని రెండవదానికి విడుచునని వారి భావము. వెలిగించి చూచిన రెండును సమముగానే, మందముగా, వెలుగును. బల్బునకు ముందొకమాఱును వెనుకనొకమాఱును మీటరుతో ప్రవాహమును గొలిచిన నొకే సంఖ్య వచ్చును. ఖర్చగునది ప్రవాహము గాదు, శక్తి.

ఈ పొరపాటునకు బుస్తకముకంటె వాడుకయే యెక్కువ కారణము. ‘కరెంటు పోయినది’ అన్నచో సరఫరా. ‘కరెంటు కొట్టినది’ అన్నచో నాఘాతము. ‘ఈ నెల కరెంటు ఎక్కువ కాలినది’ అన్నచో శక్తి. బిల్లులోని యూనిట్టు కిలోవాట్-గంట, అనగా వేయి వాట్ల పరికరము గంటసేపు పని చేయుటకు బట్టు శక్తి. ఇన్ని యర్థములు గల మాటకు, పాఠములో ‘ఆంపియర్లలో గొలువబడునది’ అను మఱియొక యర్థమును దగిలించినచో నది యెట్లు నిలుచును? కావున ఆంగ్లపదమునే యుంచుకొందమను శాస్త్రాధ్యాపకులు కరెంటు విషయమున నోడిపోయిరని చెప్పక తప్పదు. ఆ పదమును జనులు ముందే కైవసము చేసికొనిరి. ‘విద్యుత్ప్రవాహము’ పండితకల్పితమే యైనను నిచట నదియే స్పష్టమైనది, దానిని కొలుచు ప్రయోగము వెంట నున్నంతవఱకు.

శ్రేణీసంధానము, సమాంతరసంధానము అను జంటను గూర్చి కొంచెము. శ్రేణియనిన వరుస. ఉప్పలు రాజమార్గముమీది దీపములు చక్కని వరుసలో నిలిచియున్నవి. కాని యొకటి యారినను దక్కినవి వెలుగుచునేయుండును. అవి సమాంతరసంధానములోనివి. పండుగలకు వాకిటను దగిలించు దీపముల దండ నిజమైన శ్రేణి. ఒక బల్బు మాడిన దాని వరుసయంతయు నారిపోవును. జనులు దానిని ‘సీరియల్ సెట్టు’ అని యెఱిగి పిలుచుచున్నారు. బొమ్మలో నడ్డముగా గీసినది శ్రేణి, నిలువుగా గీసినది సమాంతరము అను భ్రమ బాలురలో వ్యాపించుటకు పదములే కారణము. పదములను మార్చుట నాకిష్టము గాదు, బోధించునప్పుడు మాత్రము నదీపాయల యుపమానమును జేకొనుడని చెప్పుదును. గోదావరి లంకకు ముందు రెండు పాయలై, లంక దాటిన పిదప మరల నొక్కటియగును. రెండు పాయల నీటిని గూడిన మొత్తమునకు సమానము. ఇది సమాంతరసంధానము. రేఖాగణితములోని సమాంతరరేఖలతో దీనికి బని లేదు.

ఇపుడు వ్యాకరణజ్ఞులకు గేవలమైన విషయము. మన పదవతరగతి పాఠములందు ‘నిరోధముల శ్రేణి సంధానము’ అను శీర్షిక కనబడును. నిపూర్వకమగు రుధ్ధాతువునకు భావార్థమున ఘఞ్ ప్రత్యయము వచ్చి నిరోధశబ్ద మేర్పడినది. అది యడ్డగించుట యను గుణమును లేక క్రియను జెప్పును. అడ్డగించు వస్తువును జెప్పుటకు గర్త్రర్థమున ణ్వుల్ ప్రత్యయాంతమైన ‘నిరోధకము’ సిద్ధముగా నున్నది. గుణమును, గుణిని నొకే పేర బిలుచుట తర్కమున నెంత దోషమో పండితులకు వేఱుగా జెప్పవలసినది లేదు. ప్రయోగమున నీ దోషమెట్లు బాధించునో మాత్రము చూపెదను.

టార్చిబల్బుపై 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్ అని వ్రాసియుండుట గలదు. భాగింపగా నిరోధము సుమారు 8.3 ఓములు వచ్చును. ఆ బల్బునే వెలుగనప్పుడు మీటరుతో గొలిచిన నందులో జాల తక్కువ చూపును. తంతువు వేడెక్కినకొలది నిరోధము పెరుగుటయే యిందుకు హేతువు. వస్తువు మాఱలేదు, గుణము మాఱినది. రెంటికి నొకే పేరు పెట్టినవాడు ‘నిరోధము మాఱినది’ అనుటకు, బల్బును దీసి వేఱొకటి పెట్టిరని యర్థము చేసికొన్నచో నతనిని దప్పుపట్టగలమా?

మఱియొక ప్రయోగము. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి నెఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమును తిన్నగా దగిలించిన నది క్షణములో మాడిపోవును. నడుమ 470 ఓముల నిరోధకమును జేర్చుడు; దానిమీద బసుపుపచ్చ, ఊదా, గోధుమ రంగుల పట్టెలు వరుసగా నుండును. పసుపుపచ్చకు 4, ఊదాకు 7, గోధుమకు పదిచే హెచ్చవేత. దీపము సుమారు రెండు వోల్టులను గైకొనును. మిగిలిన యేడింటిని 470చే భాగింప బదునైదు మిల్లీ ఆంపియర్లు. దీపము చల్లగా, చక్కగా వెలుగును. పాఠములందు నిరోధమును ‘ఆటంకము’గానే వర్ణించుట వాడుక, దొంగవలె త్రోవకడ్డుపడి శక్తిని హరించునది యను భావము బాలునికి గలుగుచున్నది. ఇచటనో, అదియే రక్షకము. నిరోధశబ్దమునకు నియమించుట యను నర్థము యోగశాస్త్రమున సుప్రసిద్ధమే గదా. అధ్యాపకుడాంగ్లమునుండి గాక సంస్కృతమునుండి యీ పదమును గ్రహించియుండినచో మేలైన పాఠము వ్రాసియుండును! దీపమును ద్రిప్పి తగిలించిన వెలుగదు. ఒక్కదిక్కుననే దారి యిచ్చుట దాని స్వభావము. దీనికి ‘కాంతి ఉద్గార డయోడ్’ అని పేరుపెట్టిరి. దుకాణమున నీ పేరు చెప్పి యడిగిన నెవరునివ్వరు. ఎల్.ఇ.డి. యనుటయే మంచిది. చేతిలోనికి వస్తువుతోబాటు వచ్చిన పేరును వెడలగొట్టరాదు.

‘బంధకము’ కథ వేఱు. విద్యుత్తును బోనీయని పదార్థమునకు మన పాఠములు విద్యుద్బంధకమని పేరిడినవి. బంధించునది కట్టివేయును, పట్టి యుంచును. రబ్బరు విద్యుత్తును బట్టియుంచుట లేదు, దారి యిచ్చుటలేదు, అంతియే. సంస్కృతదృష్టిచే నిది శిథిలప్రయోగము. కాని నాచారములోని బాలుని చెవికి నిది ‘బందుచేయునది’ గా వినబడుచున్నది! పారసీకమున బందు, సంస్కృతమున బంధము నేకమూలజనితములని భాషాశాస్త్రజ్ఞులెఱుగుదురు. కల్పించిన వారి కక్కఱకు రాని యర్థము నగరపు వాడుకచే సమకూడుట వింత. అయినను ప్రయోగమున నీ పదము నిలువదు. ఎండిన పుల్లను నడుమ బెట్టి కొలిచినచో మీటరు కదలదు. ఉప్పునీట దడిపి కొలిచినచో గదలును. బంధకమా, కాదా యనునది తారతమ్యము మాత్రమే. ‘అధమవాహకము’ అను ప్రాతపేరే సత్యమునకు దగ్గఱ.

చేతిపనివలన శాస్త్రము వచ్చుననుటకు దృష్టాంతము వెదకి దూరము పోనక్కఱలేదు. పశ్చిమగోదావరిమండలములోని మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ట్రాంబేలో నొక చిన్న బృందముతో బరికరములను స్వహస్తములతో నిర్మింపజేసి, 1956లో బని ప్రారంభించిన అప్సర యను నణురియాక్టరునకు గావలసిన నియంత్రణసామగ్రిని సమకూర్చిరి. ఆ పనివారి బృందమే పెరిగి 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుగా నవతరించినది. కర్మాగారము చెంతనున్న కాలనీ నేడు వారి పేరనే పిలువబడుచున్నది. తెలుగువాడు నాయకుడై తెలుగుగడ్డపై నడిపిన యీ సంస్థలో నలువది, ఏబదియేండ్లుగా బనివారు మాటాడుకొన్న తెలుగును నెవరైన సేకరించిరా? నిఘంటుకారులు కోటలలోను దేవాలయములలోను పదములను వెదకిరి. కర్మాగారము వాకిటికి బోలేదు. ఇది మన పరిశోధనలోని పెద్దవెలితి.

ఆ వాకిట వినవచ్చు మాటలలో ‘ఎర్తు’ ఒకటి. ఇంటి పెరటిలో గోయి త్రవ్వి, లోహపుబలకను గాని కడ్డీని గాని పాతి, బొగ్గును ఉప్పును బోసి తడుపుచుందురు. దానిని జనులు ఎర్తు అందురు. అది భూమికే పేరని యెఱుగక యాగోతిలోని కడ్డీకే పేరనుకొనువారు పెక్కుమంది. ‘భూసంధానము’ అను మాట వారికి జేరినచో నెంతో యుపకారము, ఏలయన భూమియు వలయములో నొక భాగమగుననునది యీ పేరువలననే తెలియును. భూభౌతిక పరిశోధనసంస్థవారు నీటిజాడలను దెలిసికొనుట కవలంబించు పద్ధతులలో నొకటి యీ సూత్రమునే యాధారము చేసికొన్నది. నాలుగు కడ్డీలను సమదూరమున నొకే వరుసలో నేలలో దింపి, వెలుపలి రెంటిద్వారా ప్రవాహమును బంపి, లోపలి రెంటినడుమ వోల్టులను గొలుతురు. కడ్డీల దూరమును హెచ్చించినకొలది లోతులోని నేల సమాచారము వచ్చును. ఈ ప్రాంతపు నల్లసేనపుఱాయి శుష్కమై గట్టిగానున్నచోట నిరోధగుణము మిక్కిలి హెచ్చు. శిథిలమై నీరు పట్టిన పొరలో జాల తక్కువ.

దీనిని బడిలోనే చేయవచ్చును. ఒక వెడల్పైన పళ్ళెమున దడియిసుకను, మఱియొకదానిలో బొడియిసుకను నింపి, నాలుగేసి మేకులను సమదూరమున గ్రుచ్చి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో గొలువుడు. గోడలోని విద్యుత్తును దీనికెన్నడును దగిలింపరాదు. మేకుల మొనలయొద్ద రసాయనవ్యాపారము జరుగును గావున ధ్రువములను మార్చి రెండవమాఱు గొలిచి సగటు తీయవలయును. మేకులవే, దూరములవే, లోతులవే. సంఖ్యలు మాత్రము వేఱు. ఆ భేదము మేకులది గాదు, దూరములది గాదు, ఇసుకది. ఈ గుణమునకు మన పుస్తకములు ‘విశిష్టనిరోధము’ అనియు ‘నిరోధకత’ యనియు రెండు పేరులిచ్చుచున్నవి. నిరోధకమునకు దల్ ప్రత్యయము చేర్చిన నిరోధకత యగును. అర్థమున నది నిరోధమే, కొత్తది యేమియు లేదు. విశిష్టశబ్దమో, తెలుగున శ్రేష్ఠార్థమున రూఢమైనది. పొడియిసుక శ్రేష్ఠమైనదా యని బాలుడడిగిన నుత్తరము చెప్పుట కష్టము. రెండు పళ్ళెములను ఎదుట బెట్టి ‘ఇసుకకు గల నిరోధగుణము’ అన్న నానాటికి జాలును. విశిష్టనిరోధమను పేరును బాలుడు మేకులదూరమును మార్చి, కొలిచి, సంఖ్యలను బట్టికగా వ్రాసికొన్న మఱునాడు చెప్పవచ్చును.